రోడ్డు కింద బరువు మోసేదెవరు?

రోడ్డు కింద మట్టిలో పూడ్చిన కాంక్రీటు కల్వర్టు మీదుగా లారీ వెళ్తే ఆ బరువు ఎవరు మోస్తారన్నది చూడటానికి ఇంజినీర్ల ప్రశ్న. దానికి లెక్క ఉంది. ఆ లెక్కను చివరిదాకా వెంబడిస్తే మాత్రం అది తత్వశాస్త్రం గడప తొక్కుతుంది. ఒక పని జరిగితే దానికి కర్త ఎవరు? పని చెడితే దోషం ఎవరి ఖాతాలో పడాలి? మన దర్శనాలు శతాబ్దాలుగా వాదించుకున్నవి ఈ రెండు ప్రశ్నల మీదే. మట్టిలో కనిపించకుండా పడి ఉన్న ఒక సిమెంటు గూన వాటికి ఇచ్చే జవాబు చాలా గ్రంథాల జవాబు కన్నా స్పష్టంగా ఉంటుంది.

హైదరాబాదు నుంచి జహీరాబాదు మీదుగా షోలాపూర్, పుణె వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి కర్ణాటకలోని బీదర్ జిల్లాలో మంగళగి, హుమ్నాబాదు ప్రాంతాల గుండా సాగుతుంది. 1956 దాకా ఇదంతా హైదరాబాదు రాష్ట్రమే. ఇప్పటికీ ఇక్కడ కన్నడంతో పాటు తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ కలిసే వినిపిస్తాయి. మెరక మీద ఎర్రటి లాటరైటు, మొరం. పల్లంలో నల్లరేగడి. వానాకాలంలో చేల నీరు రోడ్డుకు అడ్డం వస్తుంది. దానికి దారి ఇవ్వకపోతే ఒక పక్క చెరువవుతుంది, రెండో పక్క పైరు ఎండుతుంది, నడుమ కట్ట నాని జారుతుంది. అందుకే దూరం దూరంగా తూములు వేస్తారు. ఊరివాళ్లు మోరీ అంటారు, పైపులను గూనలంటారు, ఆఫీసు కాగితాల్లో అది కల్వర్టు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో 6 మీటర్ల లోపు అయితే కల్వర్టు, దాటితే చిన్న వంతెన. గుండ్రటి హ్యూమ్ పైపు, నాలుగు పలకల బాక్సు, గోడల మీద పరిచిన స్లాబు, ఈ మూడూ మామూలు రకాలు. హ్యూమ్ అనేది మనిషి పేరు. ఇనుప అచ్చును గిరగిరా తిప్పుతూ కాంక్రీటు పైపు పోసే పద్ధతిని 1910లో కనిపెట్టిన ఆస్ట్రేలియావాసి వాల్టర్ హ్యూమ్ పేరు బీదర్ పల్లెల్లో ఈనాటికీ రోజూ నోట్లో నలుగుతోంది.

లారీ వెనక ఇరుసు మీద చట్టం ఒప్పుకునే బరువు 2018 సవరణ తర్వాత 11.5 టన్నులు, నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసుకు. అంటే ఒక్కో పక్క జంట టైర్ల మీద 5.75 టన్నులు. ఆ జంట నేలను తాకే చోటు అర మీటరు వెడల్పు, పావు మీటరు పొడవు అనుకుంటే, తారు మీద ఒత్తిడి చదరపు మీటరుకు 46 టన్నులు. ఇది భయపెట్టే అంకె. కానీ మట్టిలోకి దిగినకొద్దీ ఆ బరువు పక్కలకు పరుచుకుంటుంది. ఎంత లోతుకు దిగితే పొడవూ వెడల్పూ అంత చొప్పున పెరుగుతాయన్న మోటు లెక్క తీసుకున్నా, పక్క చక్రాన్ని వదిలేసినా, 1 మీటరు లోతున అది సుమారు 3 టన్నులవుతుంది. 2 మీటర్లకు 1 టన్ను. 3 మీటర్లకు అర టన్ను. ఇదే లోతుల్లో మట్టి సొంత బరువు 1.8, 3.6, 5.4 టన్నులు. లోతు తక్కువైతే కల్వర్టుకు చక్రమే గండం. లోతు పెరిగితే చక్రం ఊసే ఉండదు, మీదున్న మట్టే భారం. ఈ రెండూ సరితూగే చోటు సుమారు మీటరుంపావు లోతులో ఉంటుంది.

పైపు నెత్తిన కనీసం 600 మిల్లీమీటర్ల మట్టి ఉండాలన్న నియమం ఇందుకే. వాహనం ఎగిరిపడినప్పుడు తగిలే అదురును కూడా, రోడ్డు పొరతో కలిపి ఆ మాత్రం మట్టి ఉంటే, సగానికి తగ్గించి లెక్క వేయొచ్చని రోడ్స్ కాంగ్రెస్ ఒప్పుకుంటుంది. తెలుగులో ఓర్పుకు కొలత భూదేవి. భూదేవంత ఓర్పు అన్న మాట వెనక కచ్చితమైన పరిశీలన ఉంది. భూమి బరువును ఆపడం లేదు, పంచుతోంది. ఓర్చుకోవడమంటే బిగదీసుకుని నిలబడటం అని మనం పొరబడుతుంటాం. మట్టి ఓర్పు ఆ రకం కాదు. కొంచెం లొంగి, పక్క రేణువుకు అందించి, అది ఇంకో రేణువుకు అందించి, అలా నెమ్మదించేది దాని ఓర్పు.

చక్రం పైకి వచ్చిన క్షణాన పైపులో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. గుండ్రటి పైపు పిసరంత నలిగి కోడిగుడ్డును పక్కకు పడుకోబెట్టిన ఆకారానికి వస్తుంది. నెత్తి దగ్గర, అడుగు దగ్గర లోపలి అంచు సాగుతుంది. రెండు పక్కలా బయటి అంచు సాగుతుంది. నొక్కితే కాంక్రీటు గట్టిది, సాగదీస్తే దాని బలం పదోవంతు ఉంటే గొప్ప. అందుకే ఆ నాలుగు చోట్లా లోపల ఇనుప చువ్వలు పనిచేయాలి. పాత తూములోకి వంగి చూసినవారికి నెత్తి పొడుగునా వెంట్రుకలా ఒక గీత కనిపిస్తుందంటే అది ఈ సాగుడు రాసిన గీత. పైపులను పరీక్షించేటప్పుడు కూడా కింద రెండు అంచుల మీద పడుకోబెట్టి, పైన మూడో అంచుతో నొక్కుతూ, 0.25 మిల్లీమీటరు పగులు ఎంత బరువుకు వస్తుందో చూస్తారు. ఇండియన్ స్టాండర్డ్ 458 కల్వర్టు పైపులను తరగతులుగా విడదీసింది ఈ కొలత చేతబట్టుకునే. చక్రం వెళ్లిపోయాక పైపు మళ్లీ గుండ్రమవుతుంది.

ఈ తిరిగి రావడానికి మన తార్కికులు ఏనాడో పేరు పెట్టారు. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం దేశమంతటా తర్కానికి తొలి వాచకం. సంస్కారం అనే గుణాన్ని అది మూడుగా చెబుతుంది: వేగం, భావన, స్థితిస్థాపకం. వంచిన చాప మళ్లీ తన తీరుకు వచ్చేది స్థితిస్థాపకం వల్ల. ఆత్మలో అనుభవం మిగిల్చిన జ్ఞాపకపు ముద్ర భావన. వంగిన వస్తువు తిరిగి రావడమూ, మనిషికి గతం గుర్తుండటమూ ఒకే గుణానికి రెండు రూపాలని వారు అనుకున్నారు. ఇది ఆషామాషీ వర్గీకరణ కాదు. పూడ్చిన పైపు ప్రతి చక్రానికీ తిరిగి వస్తుంది, కానీ అచ్చంగా మొదటి చోటికి రాదు. ఏదో ఒక సూక్ష్మమైన బీట కాస్త పొడుగవుతుంది. స్థితిస్థాపకం ఉన్నచోటే భావన కూడా ఉంది. కాంక్రీటుకు జ్ఞాపకం ఉంది.

బరువు, అంటే గురుత్వం, వారి లెక్కలో భూమికీ నీటికీ ఉండే గుణం. మొదటిసారి పడిపోవడానికి అది కారణం. మరి పడకుండా ఆపే గుణం ఎవరిది? ఇక్కడ ఆ తార్కికుల పట్టిక సరిపోదు. మోయడం అనేది ఏ ఒక్క ద్రవ్యంలోనూ కుదురుగా ఇమడదు.

అమెరికాలో అయోవా కళాశాలకు చెందిన ఆన్సన్ మార్స్టన్ 1913 నుంచి ప్రచురిస్తూ వచ్చిన సిద్ధాంతం ఈ సంగతిని లెక్కలతో తేల్చింది. కందకం తవ్వి పైపు పెట్టి పూడిస్తే, పూడ్చిన మట్టి కిందికి దిగబోతుంది. కందకం గోడలు దాన్ని రాపిడితో పట్టుకుంటాయి. పైపు మీద పడే బరువు మీదున్న మట్టి బరువు కన్నా తక్కువ. అదే పైపును నేల మీద పెట్టి మీద కట్ట పోస్తే కథ తిరగబడుతుంది. రెండు పక్కల మట్టి అణిగి దిగుతుంది, గట్టి పైపు దిగదు. దిగే మట్టి పైపు మీది మట్టిని పట్టుకుని తన వెంట కిందికి లాగుతుంది. అప్పుడు పైపు తన నెత్తి మీది మట్టి కన్నా ఎక్కువే మోయాల్సి వస్తుంది. పైపు అదే, మట్టి అదే, ఎత్తు అదే. చుట్టుపక్కలవాళ్లతో పొత్తు ఎలా ఉందన్నదాన్ని బట్టి భారం మారిపోయింది.

1936లో కార్ల్ టెర్జాగి దీన్నే ఇంకా తేటగా చూపించాడు. పెట్టె అడుగున చిన్న తలుపు, పైన ఇసుక. తలుపును పిసరంత కిందికి దించగానే దాని మీది బరువు చాలా మటుకు మాయమైంది. ఇసుక తనలో తాను కమానై పక్కలకు చేరవేసింది. లొంగినవాడి నెత్తి మీద భారం తగ్గింది, బిగిసినవాడి దగ్గరికి భారం వెతుక్కుంటూ వెళ్లింది. మంచి ఇంజినీర్లు దీన్ని ఉపాయంగా కూడా వాడతారు. ఎత్తైన కట్టల కింద గట్టి పైపు మీద కావాలనే కొంత మెత్తటి పొర వేస్తారు.

బీదర్ ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చిన ఊరు. పదిహేనో శతాబ్దంలో బహమనీల కాలాన పర్షియా పద్ధతిలో తవ్విన కరేజ్ అనే భూగర్భ కాలువ నౌబాద్ దగ్గర లాటరైటు కిందుగా నీటిని నడిపింది. ఝరణీ నరసింహస్వామి గుహలో సుమారు 300 మీటర్ల సొరంగంలో భక్తులు నడుములోతు దాటిన నీళ్లలో, పిల్లలను భుజాల మీద ఎత్తుకుని, స్వామి దగ్గరికి నడుస్తారు. జహీరాబాదు, సంగారెడ్డి, హైదరాబాదుల నుంచి వచ్చే తెలుగువాళ్లే వారిలో ఎందరో. ఆ నడిచేవారి నెత్తిన ఉన్న కొండ వారి మీద పడటం లేదు. సొరంగం పక్కల మీదుగా కిందికి దిగిపోతోంది.

భారం వస్తువులో లేదు, పొత్తులో ఉంది అని తేలాక కర్త ప్రశ్న తప్పదు. నాగార్జునకొండతో సంప్రదాయం ముడివేసిన ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో ఎనిమిదో ప్రకరణాన్ని దీనికే కేటాయించాడు. కర్మ లేకుండా కర్త లేడు, కర్త లేకుండా కర్మ లేదు, రెండూ ఒకదాని మీద ఒకటి ఆనుకుని పుడతాయి, దేనికీ సొంత అస్తిత్వం లేదు అని ఆయన వాదం. పూడ్చిన పైపుకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. యార్డులో పడి ఉన్న పైపు ఎంత మోస్తుందో చెప్పమంటే మూడంచుల పరీక్షలో వచ్చిన అంకె చెబుతారు. నేలలో ఎంత మోస్తుందో చెప్పాలంటే దాని అడుగు పరుపు ఎలాంటిదో తెలియాలి. అడుగున మట్టి పైపు వంపుకు సరిగ్గా కూర్చుంటే బలం ఒకటిన్నర, రెండింతలవుతుంది. రాయి మీదో గట్టి నేల మీదో ఒక్క గీతలా ఆనితే పరీక్షలోలాగే విరుగుతుంది. పైపు బలం పైపులో లేదు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. తానొక్కడే కర్త అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదని కూడా అంటుంది. వ్యాఖ్యాతలు అధిష్ఠానం అంటే శరీరం అన్నారు. మాటకు మూలార్థం ఆధారం, మీద నిలబడే చోటు. ఆ ఐదింటినీ కల్వర్టుకు ఒక్కొక్కటిగా అతికించాల్సిన పని లేదు, అలా అతికిస్తే గీతకూ కల్వర్టుకూ రెండింటికీ అన్యాయమే. పనికొచ్చేది ఆ వరసలో ఆధారం మొదట ఉండటం. గీత కర్తను రెండో చోట నిలబెట్టింది.

నాగార్జునుడి వాదాన్ని ఇక్కడితో ఆపేస్తే ఒక ప్రమాదం ఉంది. కర్త అంటూ విడిగా లేకపోతే తప్పు ఎవరిదీ కాదు అనే సులువైన దారి తెరుచుకుంటుంది. కల్వర్టు కూలిన ప్రతిచోటా ఆ దారినే పడతారు. పైపు చేసినవారు పూడ్చినవారిని చూపిస్తారు, పూడ్చినవారు లారీని, లారీవారు గుంతను, గుంత వానను. తిలాపాపం తలా పిడికెడు అన్న సామెత ఇలాంటి సందర్భాలకే పుట్టింది. ఆ సామెతను జనం తప్పించుకునే మాటగా వాడతారు గానీ, అందులో ఉన్నది తప్పించుకోవడం కాదు. పాపం నువ్వుగింజంతే అయినా పిడికెడు పిడికెడు అందరికీ అందాలని అది చెబుతోంది. పంచుకోవడం వల్ల దోషం సున్నా కాదు.

ఎంత పిడికెడు అన్నదానికి కూడా కొలత ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా జరిగిన ఆషో రోడ్ టెస్ట్‌లో లారీలను రాత్రింబగళ్లు తిప్పి చూశారు. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డు పొరకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. నాలుగో ఘాతం సూత్రం అని రోడ్డు ఇంజినీర్లు దీన్నే అంటారు. అది తారుకూ కింది పొరలకూ కట్టిన లెక్క, పూడ్చిన కాంక్రీటుకు అచ్చంగా అదే వర్తించదు. అయినా దిశ అదే. కోటిసార్లు పడే బరువును తట్టుకోవాలంటే అది కాంక్రీటు ఒక్కసారి తట్టుకోగల బరువులో సగానికి కాస్త పైదాకా ఉండొచ్చు, అంతకు మించకూడదు. మంగళగి టోల్‌గేటు దాటి వెళ్లే లారీల్లో ఏ ఒక్కటీ కల్వర్టును విరగ్గొట్టదు. అన్నీ కలిసి విరగ్గొడతాయి. వాటిలో అధిక బరువువి తమ సంఖ్యకు ఎన్నో రెట్లు ఎక్కువ విరగ్గొడతాయి.

వేదాంతులు కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు పాళ్లు చేశారు. పోగుపడినది, ఫలించడం మొదలుపెట్టినది, ఇకముందు చేరబోయేది. అలసిన కాంక్రీటుకు ఇంతకన్నా సరైన వర్ణన దొరకదు. లోపల కనిపించని బీటలు సంచితం, తుప్పు మరకతో బయటపడ్డ పగులు ప్రారబ్ధం, రేపటి లారీలు ఆగామి. కానీ ఒక చోట ఈ పోలిక విరుగుతుంది, విరిగే ఆ చోటే అసలు విషయం. కర్మ సిద్ధాంతానికి ప్రాణం లాంటి నియమం ఒకటుంది. చేసినవాడికి ఫలం తప్పిపోకూడదు, చేయనివాడికి ఫలం తగలకూడదు. కృతనాశం, అకృతాభ్యాగమం అని ఈ రెండు దోషాలకు పేర్లు. ఏ సిద్ధాంతంలో అవి వస్తే ఆ సిద్ధాంతం ఓడినట్టే. కల్వర్టులో ఆ రెండూ కళ్లెదుటే జరుగుతాయి. మోతాదు మించి నింపుకుని లాభం పొందిన లారీ ఎప్పుడో దాటి వెళ్లిపోతుంది. వాన రాత్రి కుంగిన చోట పడేది పాల క్యానులు కట్టుకున్న మోటారుసైకిలు.

దీనికి సిద్ధాంతం చెప్పే జవాబు జన్మాంతరం. సమాజం అంతదాకా ఆగడం ధర్మం కాదు. చేసినవాడి దగ్గరికే ఫలం వెళ్లేలా చూడటం మనుషులు చేసుకోవలసిన ఏర్పాటు. అదే చట్టం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం అధిక లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకూ 2,000 రూపాయలు జరిమానా పెట్టింది. తూకం కాటా నిజంగా పనిచేసి జరిమానా నిజంగా పడిన రోజున కర్మ సిద్ధాంతం ఆ మేరకు నిజమవుతుంది.

ధర్మం అన్న మాట పుట్టింది ధృ అనే ధాతువు నుంచి, మోయడం, నిలబెట్టడం అని అర్థం. ధరణి, ధారణ, ఆధారం అన్నీ ఆ ఇంటివే. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయం ఆత్మను సేతువుతో పోల్చి, లోకాలు కలగాపులగం కాకుండా పట్టి ఉంచేది అదేనని చెబుతుంది. నీటినీ దారినీ దేని తోవన దాన్ని పోనిచ్చే కల్వర్టు చిన్నపాటి సేతువే. అయినా పుణ్యకార్యాల జాబితాలో దానికి చోటు దొరకలేదు. తెలుగువారి సప్తసంతానాల్లో కొడుకు, చెరువు, గుడి, వనం, నిధి, అగ్రహారం, కావ్యం ఉన్నాయి. అవన్నీ పేరు నిలిపేవి. రోడ్డు కింది తూముకు శిలాఫలకం ఉండదు.

పేరు నిలపని పనికి విలువ కట్టిన ఆలోచన ఇదే రహదారి వెంట, పడమరగా, బసవకల్యాణంలో పుట్టింది. పన్నెండో శతాబ్దంలో అది కల్యాణం, బిజ్జలుడి కొలువు. బసవేశ్వరుడు, ఆయన చుట్టూ చేరిన శరణులు కాయకాన్ని, అంటే ఒంటితో చేసే నిజాయితీ పనిని, పూజకు సమానం చేశారు. నులియ చందయ్య తాళ్లు పేనుకుని బతికిన శరణుడు. వారి కథలను తెలుగుకు ఇచ్చినవాడు పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు, ద్విపదలో, బసవపురాణంగా. శరణులు స్థావరానికన్నా జంగమానికి, నిలిచిన గుడికన్నా కదిలే మనిషికి, ఎక్కువ విలువ ఇచ్చారు. లారీ జంగమం, కల్వర్టు స్థావరం అని గబుక్కున అనిపిస్తుంది. కానీ ప్రతి చక్రానికీ నలిగి మళ్లీ లేచే ఆ గూన కూడా కదులుతూనే ఉంది. కదలనిది మన చూపే.

కల్వర్టు విషయంలో కాయకం ఎక్కడుందో వెతికితే అది పైపు అడుగు వంపుకూ నేలకూ మధ్య ఉండే ఇరుకు చోట దొరుకుతుంది. యంత్రం అక్కడికి చేరదు. పలుగు మొద్దుతోనో కర్రతోనో మట్టిని లోపలికి తోసి కూరాలి. పూడ్చాక ఏ అధికారీ దాన్ని చూడలేడు, బిల్లులో దానికి విడిగా వరస ఉండదు. చేయకపోయినా ఆ రోజు ఎవరికీ తెలియదు. పైపు బలాన్ని రెట్టింపు చేసేదీ సగం చేసేదీ అదే. నల్లరేగడిలో దాని విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చి, సరిగ్గా కూర్చోని పైపును ప్రతి ఏడూ కదిలిస్తుంది. అందుకే అక్కడ రేగడిని తీసేసి మొరం పోయడం మంచిది.

నియమం చిన్నదే. రెండు పక్కలా ఒకేసారి, 150 మిల్లీమీటర్లకు మించని పొరలుగా మట్టి పోయాలి. ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టాలి. పైపు నెత్తి మీద 300 మిల్లీమీటర్లు లేచేదాకా అలాగే సాగాలి. తగినంత మట్టి పడేదాకా బరువైన బండి దాని మీద ఎక్కకూడదు. ఊరి దగ్గర కల్వర్టు వేస్తుంటే ఊరివాళ్లు వెళ్లి నిలబడి చూడవలసింది ఆ పూడ్చే రోజునే. మర్నాటికి అక్కడ చూడటానికి రోడ్డు తప్ప ఏమీ ఉండదు.